ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం: ఖాళీ ట్యాంక్ నుంచి మొదటి పగడం దాకా

పగడపు దిబ్బల్లో తిరిగే చేప పుట్టినప్పటి నుంచీ దాదాపు ఒకే తీరు నీటిలో బతుకుతుంది. అక్కడ ఉప్పు శాతం ఇంచుమించు మారదు. పీహెచ్ పెద్దగా మారదు. వేడి మారినా నెలల తరబడి మెల్లగా మారుతుంది. సముద్రంలో నీళ్లు అంత ఉన్నాయి మరి. అదే చేపను 200 లీటర్ల ట్యాంక్‌లో వేశాక లెక్కలన్నీ మారిపోతాయి. మధ్యాహ్నం గది వేడెక్కితే సాయంత్రానికి నీళ్లు రెండు డిగ్రీలు పెరుగుతాయి. నాలుగు రోజులు నీళ్లు పోయకపోతే ఉప్పు చిక్కబడుతుంది. మేత మరీ ఎక్కువైతే తెల్లారేసరికి అమ్మోనియా లేస్తుంది. కింద చెప్పే ప్రతి పనీ, కొనమనే ప్రతి వస్తువూ ఈ మార్పుల్ని నెమ్మది చేయడానికే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, తలా ఒక సలహా ఇచ్చినప్పుడు ఏది పాటించాలో ఏది వదిలేయాలో మీకే తెలుస్తుంది.

ముందే ఇంకో మాట. ట్యాంక్ నింపిన రోజు నుంచి మొదటి చేప వేసేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి పగడానికి ఇంకో రెండు నెలలు ఆగితే మంచిది. అంత ఓపిక పట్టగలను అనుకుంటేనే దిగండి. ఇక్కడ తొందరపాటుకి మూల్యం చెల్లించేది మనం తెచ్చిన జీవాలు.

ట్యాంక్ ఎంత, ఎక్కడ?

తేలిగ్గా ఉంటుందని చాలామంది చిన్న ట్యాంక్‌తో మొదలుపెడదామనుకుంటారు. ఉప్పునీటి విషయంలో చిన్నదే కష్టం. 40 లీటర్ల ట్యాంక్‌లో ఒక లీటరు ఆవిరైతే చేపకి తేడా తెలుస్తుంది. 250 లీటర్లలో అదే లీటరు లెక్కలోకి రాదు. మొదటి ట్యాంక్ 200 నుంచి 300 లీటర్ల మధ్య ఉండేలా చూసుకోండి. ఎత్తుగా ఉన్నదానికన్నా పొడవూ వెడల్పూ ఉన్నది తీసుకోండి. నీటి పైభాగం విశాలంగా ఉంటే గాలి బాగా కలుస్తుంది, వెలుతురు అడుగుదాకా దిగుతుంది, మీ చెయ్యి కూడా అడుగుకి అందుతుంది. వెనక మూలలో రాయి దొర్లిపడిన రోజున ఈ చివరి దాని విలువ బాగా తెలుస్తుంది.

200 లీటర్ల నీళ్లే 200 కిలోలు. గాజు, రాళ్లు, ఇసుక కలిస్తే 300 కిలోలకు చేరువవుతుంది. టీవీ స్టాండ్లూ పాత టేబుళ్లూ ఈ బరువుకి పనికిరావు. అక్వేరియం కోసమే చేసిన స్టాండ్ కావాలి. నీళ్లు పోయకముందే రసమట్టం పెట్టి పొడవునా అడ్డంగా రెండు వైపులా చూసుకోండి. ఒక మూల కుంగి ఉంటే ఆ వైపు గాజు అతుకుల మీద ఏళ్ల తరబడి ఒత్తిడి పడుతుంది. కిటికీలోంచి నేరుగా ఎండ పడే చోటా, ఏసీ గాలి సూటిగా తగిలే చోటా పెట్టకండి. వెనక గోడకీ ట్యాంక్‌కీ మధ్య జానెడు ఖాళీ వదలండి.

కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఉప్పునీటిలో కరెంటు మంచినీటిలో కంటే చాలా తేలిగ్గా పారుతుంది. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కి సాకెట్‌లోకి వెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఈ లైన్‌కి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, ఉండి తీరాలి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించాకే ట్యాంక్ నింపండి. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు హీటర్, పంపులు ఆపేయడం అలవాటు చేసుకోండి.

పైన గాజు మూతకన్నా సన్నటి వల మేలు. సముద్రపు చేపల్లో ఎగిరి దూకేవి చాలా ఉన్నాయి, మూత లేని ట్యాంక్ పక్కన నేల మీద పొద్దున్నే దొరుకుతాయి. వల వాటిని ఆపుతుంది, గాలినీ వేడినీ ఆపదు.

సామాన్లు

అన్నిటికన్నా ముందు నీటి కదలిక. దిబ్బల మీద నీళ్లు ఒక్క క్షణం ఊరుకోవు. గంటకి ట్యాంక్ పరిమాణానికి పది నుంచి ఇరవై రెట్లు నీళ్లు తోసే వేవ్‌మేకర్లు కావాలి, అంటే 200 లీటర్లకి గంటకి 2,000 నుంచి 4,000 లీటర్లు. ఒకే పెద్ద పంపు బదులు రెండు చిన్నవి ఎదురెదురుగా పెడితే ప్రవాహాలు ఢీకొని దిశ మారుతూ ఉంటాయి, మురికి ఏ మూలా నిలవదు. ఒకటి కనీసం నీటి పైభాగాన్ని కలచాలి, ఆక్సిజన్ అందేది అక్కడే.

హీటర్ లీటరుకి సుమారు ఒక వాట్ లెక్కన తీసుకోండి, కానీ ఒక 200 వాట్లది కొనేకన్నా రెండు 100 వాట్లవి మంచివి. హీటర్లు పాడైతే ఆగిపోవడమే కాదు, ఆగకుండా వేడెక్కుతూ ఉండిపోవడం కూడా జరుగుతుంది. పెద్దది అలా ఇరుక్కుంటే రాత్రికి రాత్రి ట్యాంక్‌లో ఉన్నవన్నీ పోతాయి. చిన్నదైతే మీరు గమనించేంత టైమ్ ఇస్తుంది. విడిగా ఒక టెంపరేచర్ కంట్రోలర్ పెట్టి హీటర్లను దానికి తగిలించడం ఇంకా భద్రం. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, పగడాలు తమలో ఉండే సూక్ష్మ శైవలాల్ని బయటికి తోసేసి తెల్లబడతాయి. గది వేడిగా ఉండే చోట హీటర్ కన్నా చల్లబరచడమే పెద్ద పని. నీటి మీదుగా వీచే చిన్న ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు తగ్గించగలదు. అది చాలకపోతే చిల్లర్ తప్పదు.

ప్రొటీన్ స్కిమ్మర్ ఈ హాబీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన యంత్రం. సన్నటి గాలి బుడగల్ని నీటిలోకి వదులుతుంది. చేపల వ్యర్థాల్లోని ప్రొటీన్లు, కొవ్వులు ఆ బుడగలకి అంటుకుని నురగగా పైకి లేచి ఒక కప్పులోకి చేరతాయి. రెండు రోజుల తర్వాత ఆ కప్పు తీసి చూస్తే చిక్కటి టీ రంగులో, ముక్కు మూసుకోవాల్సిన వాసనతో మడ్డి ఉంటుంది. అది కుళ్లి అమ్మోనియా కాకముందే ట్యాంక్ దాటిందన్న మాట. కొత్త స్కిమ్మర్ మొదటి వారం పది రోజులు సరిగా పనిచేయదు, లోపలి ప్లాస్టిక్ అలవాటు పడాలి. దాన్ని రోజుకోసారి సర్దకుండా వదిలేయండి.

స్కిమ్మర్, హీటర్లు ట్యాంక్‌లోనే పెట్టొచ్చు గానీ, స్టాండ్ కింద రెండో తొట్టి, అంటే సంప్, ఉంటే అవన్నీ అందులో దాగిపోతాయి, మొత్తం నీళ్లు కూడా పెరుగుతాయి. సంప్ పెట్టుకుంటే ఒక పరీక్ష తప్పనిసరి. అంతా నడుస్తుండగా, సంప్ నీళ్లని పై ట్యాంక్‌కి పంపే రిటర్న్ పంపు ఆపి చూడండి. పై ట్యాంక్‌లో కొంత నీరు గొట్టాల్లోంచి కిందికి దిగుతుంది. ఆ నీళ్లన్నీ సంప్‌లో పట్టాలి. పట్టకపోతే కరెంటు పోయిన మొదటి రోజే నేల మీద సముద్రం ఉంటుంది.

లైట్ల గురించి తొందరేం లేదు. చేపలకి మాత్రమే అయితే ఏ మంచి ఎల్‌ఈడీ అయినా సరిపోతుంది. పగడాలు పెంచాలంటే నీలి వెలుతురు బాగా ఉన్న రీఫ్ లైట్ కావాలి, రోజుకి ఎనిమిది నుంచి పది గంటలు, టైమర్ మీద. మొదటి నెలలో తక్కువ వెలుతురు చాలు, ఎక్కువిస్తే పెరిగేది నాచే.

నీళ్లు, ఉప్పు

కుళాయి నీటిలో క్లోరిన్, క్లోరమిన్, రాగి, ఫాస్ఫేట్, సిలికేట్ లాంటివి ఎంతోకొంత ఉంటాయి. మనకి హాని చేయని రాగి మోతాదు రొయ్యల్నీ నత్తల్నీ చంపేస్తుంది. అందుకే ఆర్‌ఓ/డీఐ నీళ్లు వాడాలి. ఆర్‌ఓ పొర తర్వాత డీఐ రెసిన్ గుండా కూడా వెళ్లిన నీటికి టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన పదార్థాల్ని కొలిచేది) సున్నా చూపించాలి. తాగునీటి ఆర్‌ఓ యంత్రాల్లో చాలావాటిలో ఖనిజాలు తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, ఆ నీళ్లు దీనికి పనికిరావు. తీరం నుంచి సముద్రపు నీళ్లే తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఒడ్డు దగ్గరి నీటిలో నదుల నీరు, మురుగు, పడవల నూనె కలుస్తాయి, తెచ్చాక అందులోని ప్లవకాలు చచ్చి కుళ్లుతాయి. వంట ఉప్పు సంగతి అసలు తలపెట్టొద్దు. అది దాదాపు సోడియం క్లోరైడ్ మాత్రమే. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బనేట్ కూడా ఒక నిష్పత్తిలో ఉంటాయి. అవన్నీ కలిపి తయారుచేసిన మెరైన్ సాల్ట్ మిక్స్ కావాలి.

కలిపే పద్ధతి ఇది. ఆహార పదార్థాలకి వాడే ప్లాస్టిక్ డ్రమ్ములో ముందు ఆర్‌ఓ/డీఐ నీళ్లు పోయండి. అందులో చిన్న పంపు, హీటర్ వేసి 25 డిగ్రీలకి తీసుకురండి. పంపు తిరుగుతుండగా ఉప్పు కొద్దికొద్దిగా పోయండి. లీటరుకి సుమారు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, ప్యాకెట్ మీద చెప్పిన కొలతతో మొదలుపెట్టండి. ఉప్పు ముందు వేసి దాని మీద నీళ్లు పోయకూడదు. అలా చేస్తే ఉప్పు చిక్కగా కరిగే చోట కాల్షియం, కార్బనేట్ కలిసిపోయి తెల్లటి పొడిగా అడుగుకి దిగుతాయి, ఆ తర్వాత ఎంత కలిపినా కరగవు. నీళ్లు తేటపడ్డాక, కొన్ని గంటలు ఆగి ఉప్పు శాతం కొలవండి. చేపలున్న ట్యాంక్‌లోకి నేరుగా ఉప్పు ఎప్పుడూ వేయకండి.

కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కొనండి. గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత మెల్లగా దించి, కింద గాలి బుడగ లేకుండా చూసి, అర నిమిషం ఆగి వెలుతురు వైపు తిప్పి కన్ను పెట్టండి. పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. రెండూ కలిసే గీత 35 దగ్గర ఉండాలి. అంటే వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు, సాంద్రతలో చెప్పాలంటే 1.026. ఈ పరికరాన్ని మంచినీళ్లతో సున్నాకి సరిచేసి ఊరుకుంటారు చాలామంది. సున్నా దగ్గర నిజం చెప్పే పరికరం 35 దగ్గర తప్పు చెప్పొచ్చు. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం చిన్న సీసా ఒకటి కొని నెలకోసారి దానితోనే సరిచూడండి.

రాళ్లు, ఇసుక

మంచినీటి అక్వేరియంలో ఫిల్టర్ డబ్బాలో ఉండి వ్యర్థాల్ని మార్చే బ్యాక్టీరియాకి ఇక్కడ ఇల్లు రాళ్లే. సందులు, రంధ్రాలు నిండా ఉన్న రాయి కావాలి. పది లీటర్లకి ఒక కిలో, కిలోన్నర లెక్క సరిపోతుంది. తేలిక రాళ్లయితే ఇంకా తక్కువ చాలు. జీవులతో సహా వచ్చే లైవ్ రాక్ ట్యాంక్‌ని త్వరగా నిలబెడుతుంది, కానీ దానితో పాటు పువ్వుల్లా కనిపిస్తూ కుట్టే జీవులైన ఎనిమోన్లు, చేపల్ని పట్టే పీతలు కూడా రావొచ్చు. డ్రై రాక్‌తో ఆ బెడద లేదు, జీవం నిండడానికి మాత్రం నెలలు పడుతుంది. మొదటిసారి పెట్టేవాళ్లకి నేను డ్రై రాకే చెబుతాను, వీలైతే నమ్మకమైన ట్యాంక్ నుంచి ఒక చిన్న లైవ్ రాక్ ముక్క జతచేయమంటాను.

రాళ్లు ముందు పెట్టి, ఇసుక తర్వాత పోయాలి. ఇసుక మీద రాయి పెడితే, కింద తవ్వే చేపో రొయ్యో దాన్ని కూల్చేస్తుంది. అడుగు గాజు మీద నేరుగా ఆనేలా అమర్చండి. గోడలా పేర్చకుండా గుహలు, వంతెనలు వచ్చేలా, చుట్టూ నీళ్లు తిరిగేలా, వెనక గాజుకి తగలకుండా పెట్టండి. చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే ఎపాక్సీ పుట్టీతో అతికించండి. ఇసుక అరగొనైట్ (కాల్షియం కార్బనేట్) రకం, బాగా కడిగి, మూడు నాలుగు సెంటీమీటర్ల మందం చాలు. ఒక పళ్లెం పెట్టి దాని మీద నీళ్లు పోస్తే ఇసుక చెదరదు. రెండు రోజులు పాలలా ఉంటుంది, కంగారు పడొద్దు.

సైకిల్: కంటికి కనిపించని పని

చేప విసర్జించేది, తినక మిగిలిన మేత, చచ్చిన ప్రతిదీ అమ్మోనియాగా మారుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త ట్యాంక్‌లో ఈ రెండు రకాలూ దాదాపు ఉండవు. వాటిని పెంచడాన్నే సైకిల్ చేయడం అంటారు. ఉప్పునీటి పీహెచ్ 8 పైన ఉండటంతో అమ్మోనియాలో మామూలు మంచినీటిలో కన్నా ఎక్కువ వాటా విషరూపంలో ఉంటుంది, మొప్పలు కాలిపోతాయి. గట్టి చేప ఒకటి వేసి దానితోనే సైకిల్ నడిపే పాత పద్ధతి ఒకటుంది. దయచేసి ఆ పని చేయకండి. చేప బతికినా ఆ వారాలు దానికి నరకం.

చేప లేకుండా చేయడం చాలా తేలిక. వేవ్‌మేకర్లు, హీటర్ నడుస్తుండగా సీసాలో వచ్చే బ్యాక్టీరియా పోసి, అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో అమ్మోనియాని లీటరుకి 2 మిల్లీగ్రాములకి తీసుకురండి. స్కిమ్మర్, లైట్లు అప్పుడే వద్దు. రెండు మూడు రోజులకోసారి పరీక్షించి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మొదట్లో అమ్మోనియా కదలదు. పరీక్ష గొట్టంలో అదే పచ్చరంగు రోజూ కనిపిస్తుంటే ఏదో తప్పు జరిగిందని టెన్షన్ పడతారు. ఏమీ జరగలేదు, బ్యాక్టీరియా మెల్లగా చీలుతోంది. తర్వాత అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ ఎగబాకుతుంది. అదీ కొన్నాళ్లు అక్కడే నిలిచి తర్వాత పడిపోతుంది, నైట్రేట్ కనిపించడం మొదలవుతుంది. మళ్లీ 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వేసి చూడండి. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే సైకిల్ పూర్తయినట్టు. పెద్ద నీటి మార్పిడి ఒకటి చేసి నైట్రేట్ తగ్గించి, స్కిమ్మర్ వేయండి.

ఇక నాచు వస్తుంది. ముందు ఇసుక మీద గోధుమ రంగు పొర, అది డయాటమ్, సిలికేట్ తింటూ పెరిగి దానంతటదే పోతుంది. తర్వాత వెంట్రుకల్లాంటి పచ్చ నాచు, ఒక్కోసారి ఎర్రటి జిగురు దుప్పటిలా సయనోబ్యాక్టీరియా. కొత్తవాళ్లలో సగం మంది మానేసేది ఈ దశలోనే అనిపిస్తుంది నాకు, చూడటానికి అంత వికారంగా ఉంటుంది. ప్రతి నాచుకీ ఒక మందు సీసా దొరుకుతుంది, వాటి జోలికి పోకండి. మేత, లైటు తగ్గించండి, చేత్తో పీకండి, ట్రోకస్, సెరిత్ నత్తలు కొన్ని వేయండి. హెర్మిట్ పీతలు వేస్తే ఖాళీ గుల్లలు కూడా వేయండి, లేకపోతే గుల్ల కోసం నత్తల్ని చంపుతాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా సున్నా చేయాలని కూడా చూడొద్దు. రెండూ సున్నాకి పడిన ట్యాంకుల్లోనే డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవులు లేస్తాయి, వాటితో పోలిస్తే పచ్చ నాచు ఎంతో నయం.

మొదటి చేపలు

మొదటి చేపగా క్లౌన్ ఫిష్‌ని మించింది లేదు. ట్యాంకుల్లోనే పుట్టిన ఒసెల్లారిస్ పిల్లలు విరివిగా దొరుకుతాయి, మేత వెంటనే తింటాయి. వాటికి ఎనిమోన్ అవసరం లేదు, కొత్త ట్యాంక్‌లో ఎనిమోన్ బతకదు కూడా. చిన్నవి రెండు కలిపి వేస్తే, పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది, రెండోది మగదిగా ఉండిపోతుంది. క్లౌన్ ఫిష్ అన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి. ఫైర్ ఫిష్, రాయల్ గ్రామా, బంగ్గాయ్ కార్డినల్ కూడా మంచివే. బంగ్గాయ్ కార్డినల్ ఇండోనేషియాలోని బంగ్గాయ్ దీవుల దగ్గర మాత్రమే సహజంగా ఉండే చేప, అక్వేరియంల కోసం విపరీతంగా పట్టడంతో అంతరించే ప్రమాదంలో పడింది. ట్యాంక్‌లో పుట్టినదైతేనే కొనండి.

వాచ్‌మన్ గోబీ, పిస్టల్ రొయ్య జంటని వీలైతే తప్పక పెట్టుకోండి. రొయ్యకి చూపు అంతంతమాత్రం. రోజంతా ఇసుక తవ్వి, బుల్‌డోజర్‌లా గులకల్ని తోసుకొచ్చి గుమ్మం బయట పోస్తుంది. తవ్వుతున్నంతసేపూ దాని ఒక మీసం గోబీ ఒంటి మీదే ఉంటుంది. గోబీ గుమ్మంలో కూర్చుని చుట్టూ చూస్తుంటుంది. మీరు గబుక్కున దగ్గరికి వెళితే గోబీ తోక ఒక్కసారి అదురుతుంది, మీసం ద్వారా ఆ కబురు అంది రొయ్య వెనక్కి లోపలికి జారిపోతుంది, దాని వెనకే గోబీ. కదలకుండా రెండు నిమిషాలు ఉంటే ముందు గోబీ ముఖం బయటికొస్తుంది, ఆ తర్వాతే మీసాలు.

200 లీటర్లకి చిన్న చేపలు నాలుగైదు చాలు, రెండు వారాలకి ఒకటి చొప్పున. నీలి ట్యాంగ్‌ని పిల్లగా చూసి ముచ్చటపడి కొంటారు. అది అడుగు పొడవు పెరిగే చేప, దానికి ఈ ట్యాంక్ జైలు. మాండరిన్ చేప రాళ్ల మీద పాకే కోపిపాడ్లనే సన్నటి జీవులు తప్ప వేరేది తినడం అరుదు, కొత్త ట్యాంక్‌లో ఆకలితో ఎండిపోతుంది. డాంసెల్ చేపలు అందంగా ఉంటాయి, తేలిగ్గా దొరుకుతాయి, తర్వాత వచ్చే ప్రతి చేపనీ తరిమి కొరుకుతాయి. కొనేముందు ఆ చేప మీ కళ్లముందు మేత తినాలి. తినని చేపని ఎంత బాగున్నా తేకండి.

తెచ్చిన చేపని ముందు వేరే ట్యాంక్‌లో కనీసం నాలుగు వారాలు ఉంచాలి. 50 లీటర్ల మామూలు ట్యాంక్, స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి నాలుగు పీవీసీ గొట్టం ముక్కలు చాలు. ఇది వదిలేయాలనిపించే మెట్టు. వదిలేస్తే ఏమవుతుందో చెబుతాను. ఉప్పునీటి ఇచ్ అనే పరాన్నజీవి చేప ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలుగా కనిపిస్తుంది. కొన్ని రోజులకి చుక్కలు మాయమవుతాయి, తగ్గిపోయిందనుకుంటారు. అవి చేప మీద నుంచి రాలి ఇసుకలో, రాళ్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ఒక్కో గూడులోంచి వందల పిల్లలు బయటికొచ్చి చేపల్ని వెతుక్కుంటాయి. రెండోసారి వచ్చే చుక్కలు లెక్కపెట్టలేనన్ని ఉంటాయి. దీనికి పనిచేసే రాగి మందు రొయ్యలు, నత్తలు, పగడాలున్న ట్యాంక్‌లో వేయకూడదు. అంటే చేపలన్నిటినీ పట్టి వేరే ట్యాంక్‌లో వైద్యం చేయాలి, పెద్ద ట్యాంక్‌ని చేపల్లేకుండా దాదాపు 11 వారాలు ఖాళీగా ఉంచాలి. రాళ్ల మధ్య ఒక గోబీని పట్టడానికి సామాను సగం బయటికి తీయాల్సి వస్తుంది. నాలుగు వారాల క్వారంటైన్ దీని ముందు ఎంతపాటి?

చేప సంచిని నీటి మీద పావుగంట తేలనిచ్చి వేడి సమానం చేయండి. చాలాసేపు సంచిలో ప్రయాణించిన చేపని గంటల తరబడి అదే నీటిలో ఉంచి చుక్కచుక్కగా అలవాటు చేయొద్దు. సంచి తెరవగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, సంచి నీటిలోని అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. క్వారంటైన్ ట్యాంక్ ఉప్పు శాతాన్ని ముందే సంచి నీటికి దగ్గరగా కలిపి ఉంచుకుని, చేపని వెంటనే మార్చేయడం మేలు. రొయ్యలు, నత్తలకి మాత్రం చుక్కచుక్క పద్ధతే మంచిది. సంచి నీళ్లు ట్యాంక్‌లో పోయకండి.

పగడాలు

మూడు నెలల తర్వాత, నీటి లెక్కలు కొన్ని వారాలుగా నిలకడగా ఉంటేనే. మష్రూమ్, లెదర్, జోవాంథిడ్ లాంటి మెత్తటి పగడాలతో మొదలుపెట్టండి. గ్రీన్ స్టార్ పాలిప్స్ పచ్చికలా అందంగా అల్లుకుంటాయి, కానీ ఆపకుండా అల్లుకుంటాయి, విడిగా ఒక రాయి మీదే ఉంచండి. రాతి పగడాలు పెంచేటప్పుడు అల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే కార్బనేట్ల కొలత) 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం లీటరుకి 400 నుంచి 450 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,300 చుట్టూ ఉండేలా చూడాలి. వీటిలో త్వరగా పడేదీ, తేడా వస్తే పగడాలు ముందుగా నొచ్చుకునేదీ అల్కలినిటీయే. ఇవాళ 8, రేపు 10 కన్నా నెలంతా 7.5 ఉండటం మేలు.

జోవాంథిడ్‌ల విషయంలో ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వాటిలో కొన్నిటిలో, ముఖ్యంగా పాలీథోవా రకాల్లో, పాలిటాక్సిన్ అనే చాలా ప్రమాదకరమైన విషం ఉంటుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయకండి. అవి ఉన్న రాయిని శుభ్రం చేయడానికి ఉడికించడం, వేడినీళ్లు పోయడం, గట్టి బ్రష్‌తో గీకడం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. ఆవిరితో పాటు ఆ విషం పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలు ఉన్నాయి.

రోజూ, వారం వారం

ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంక్‌లోనే ఉండిపోతుంది. 200 లీటర్లలో నాలుగు లీటర్లు ఆవిరైతే 35 ఉన్నది 35.7 అవుతుంది. అందుకే తగ్గిన నీటిని ఉప్పులేని ఆర్‌ఓ/డీఐ నీళ్లతోనే నింపాలి, రోజూ. ఈ పని తనంతట తాను చేసే ఏటీఓ పరికరం పెట్టుకుంటే పెద్ద బెంగ తీరుతుంది. నా లెక్కలో స్కిమ్మర్ తర్వాత కొనాల్సింది ఇదే. రోజూ పొద్దున ఉష్ణోగ్రత చూసి, మేత వేస్తూ చేపల్ని లెక్కపెట్టండి. కనిపించని చేప ఉంటే వెతకండి, చచ్చిన చేప రాళ్ల వెనక కుళ్లితే అమ్మోనియా లేస్తుంది. మేత రెండు నిమిషాల్లో అయిపోయేంతే. గడ్డకట్టిన మైసిస్ రొయ్యల్ని ఆర్‌ఓ నీటిలో కరిగించి, వడకట్టి వేయండి.

వారానికోసారి పది శాతం నీళ్లు మార్చండి. ముందురోజే కలిపి, అదే వేడికీ అదే ఉప్పు శాతానికీ తెచ్చిన నీళ్లు కావాలి. ఇసుక పైపైన సైఫన్‌తో పీల్చండి, లోతుగా గుచ్చి కలపకండి. పది శాతం మార్పు నైట్రేట్‌ని లీటరుకి 30 మిల్లీగ్రాముల నుంచి 27కి మాత్రమే దించుతుంది. ఎక్కువగా ఉన్న నైట్రేట్‌ని నీటి మార్పిడితోనే తగ్గించాలంటే చాలా వారాలు పడుతుంది, మేత దగ్గరే కట్టడి చేయాలి. పగడాలుంటే నైట్రేట్ 5 నుంచి 15, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య బాగుంటాయి. నెలకో రెండు నెలలకో పంపులు విప్పి సిట్రిక్ యాసిడ్ కలిపిన నీటిలో అరగంట నానబెడితే లోపల పేరుకున్న సున్నం వదిలిపోతుంది. చేతి మీద గాయం ఉంటే గ్లౌజు లేకుండా ట్యాంక్‌లో చెయ్యి పెట్టకండి, మైకోబ్యాక్టీరియం మరీనం అనే బ్యాక్టీరియాతో వచ్చే చర్మవ్యాధి నెలల తరబడి మందులు వాడిస్తుంది.

కరెంటు పోతే ముందు తగ్గేది ఆక్సిజన్. వేడి, ఫిల్టర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉంచండి, కరెంటు పోయినప్పుడు దానంతటదే మొదలయ్యే రకమైతే మరీ మంచిది. అది లేని రాత్రి గిన్నెతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తుండాలి, పావుగంటకోసారి. కరెంటు లేనంతసేపూ మేత వేయొద్దు.

ఏ కారణంతోనైనా ట్యాంక్ తీసేయాల్సి వస్తే, చేపల్నీ నాచునీ సముద్రంలోనో కాలువలోనో వదలకండి. అక్వేరియంలలో పెంచే కాలెర్పా నాచు 1984లో మొనాకో తీరంలో కనిపించి, ఆ తర్వాత మధ్యధరా సముద్రపు అడుగున వేల ఎకరాలు కమ్మేసింది. వేరే ట్యాంక్ ఉన్నవాళ్లకి ఇవ్వండి, లేదా కొన్నచోటే తిరిగి తీసుకుంటారేమో అడగండి.

నాలుగు రోజులు ఊరెళ్లాల్సి వస్తే చేపల ఆకలి గురించి బెంగ వద్దు, ఎదిగిన ఆరోగ్యమైన చేపలు మూడు నాలుగు రోజులు తిండి లేకుండా ఉండగలవు. అంతకన్నా ఎక్కువ రోజులైతే రోజువారీ మేతని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, మిగిలిన డబ్బా దాచేసి వెళ్లండి, ట్యాంక్ చూసుకునేవాళ్లు చేపల మీద ప్రేమతో రెండింతలు వేసేస్తారు. ఏటీఓ డబ్బా అంచుదాకా నింపండి. ప్రయాణానికి ముందు వారంలో కొత్త చేప, కొత్త పగడం, కొత్త పరికరం ఏదీ ట్యాంక్‌లో పెట్టకండి.